బాకీ, బలపరచడం, బ్యాలెట్: అధ్యాపక వేదికల్లో కమిటీ ఎన్నికలు
(ఒడిశాలోని బరంపురంలో ఎన్నికల నిర్వహణ బాధ్యత తీసుకున్న అధ్యాపకులను ఉద్దేశించి చేసిన ప్రసంగం పాఠం)

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, కోరాపుట్ నుంచి తెల్లవారుజామున బస్సులెక్కి వచ్చినవాళ్ళున్నారు. అందరికీ నమస్కారం. ఉపోద్ఘాతం పెట్టుకోను.

కమిటీ ఎన్నిక అనగానే మన దృష్టి పోలింగ్ రోజు మీదకి పోతుంది. పెట్టె ఎక్కడ పెట్టాలి, లెక్కింపు ఎవరు చేయాలి, టీ ఎవరు తెప్పించాలి. కానీ అధ్యాపక సంఘాల్లో వచ్చే తగాదాల్లో పోలింగ్ రోజున పుట్టేవి తక్కువ. అవి అంతకు నెల ముందే పుట్టి ఉంటాయి. చందా పద్దులోనో, సభ్యుల జాబితాలోనో, నామినేషన్ ఫారం మీద బలపరిచినవారి సంతకంలోనో. పోలింగ్ రోజున బయటపడతాయి, అంతే.

1952లో ఎన్.పి. పొన్నుస్వామి కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది కూడా నామినేషన్ తిరస్కరణే. నామక్కల్ నియోజకవర్గంలో ఎన్నికల అధికారి నామినేషన్ కొట్టేశారు, అభ్యర్థి కోర్టుకెక్కారు. ఎన్నిక అంటే ఓట్లు వేసే రోజు ఒక్కటే కాదు, నోటిఫికేషన్ నుంచి ఫలితం దాకా జరిగే ప్రక్రియ మొత్తం అని కోర్టు తేల్చింది. అది శాసనసభ ఎన్నిక కాబట్టి తీర్పు మన సొసైటీలకు నేరుగా వర్తించదు. అయినా మీ ఎన్నికల ఫైలు మొదటి పేజీలో ఆ అర్థాన్ని రాసిపెట్టుకోండి. నోటీసు వేసిన రోజే ఎన్నిక మొదలైంది.

ఇక జాబితా. మీ వేదిక 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటే, 15వ సెక్షన్ తీసి చదవండి. చందా మూడు నెలలకు మించి బాకీ ఉన్నవాళ్ళకి ఓటు లేదు. అంతటితో ఆగలేదు, వాళ్ళని సభ్యులుగా లెక్కించకూడదని కూడా ఉంది. ఈ రెండో ముక్కని దాదాపు అందరూ మర్చిపోతారు. ఒక లెక్క చూడండి. రిజిస్టరులో 90 మంది ఉన్నారు. వాళ్ళలో 24 మంది బాకీ మూడు నెలలు దాటింది. బైలాలో, అంటే సంఘం నియమావళిలో, కోరం (సభ చెల్లడానికి కావలసిన కనీస హాజరు) మూడో వంతు అని ఉంది. కోరం 30 అనుకుని కూర్చుని, 25 మందే వచ్చారని సభ వాయిదా వేస్తారు. నిజానికి లెక్కకి వచ్చే సభ్యులు 66, కోరం 22. చెల్లే సభను చేతులారా వాయిదా వేసినట్టయింది. దీనికి తిరగేసి కూడా జరుగుతుంది. బాకీదారుల్ని లెక్కేసుకుని కోరం ఉందనుకుని కార్యవర్గాన్ని ఎన్నుకుంటారు. ఆరు నెలల తర్వాత ఎవరో ఒకరు పద్దు తీస్తారు.

బాకీ ఏ రోజు నుంచి లెక్క? అది మీ బైలాలో ఉండాలి. చందా ఏప్రిల్ 1న కట్టవలసినది అని రాసుంటే, జూలై 1 దాటాక మూడు నెలలు మించినట్టు. 'సంవత్సర చందా రూ. ఇంత' అని మాత్రమే రాసి తేదీ రాయకపోతే, ఎవరి బాకీ ఎప్పుడు మొదలైందో కోశాధికారి కూడా చెప్పలేరు. ఆయన చెప్పలేకపోతే ఎన్నికల అధికారి అస్సలు చెప్పలేరు. ఎన్నికలకు వెళ్ళే ముందే సర్వసభ్య సమావేశంలో ఆ తేదీ ఖాయం చేయండి. ఎన్నికల నోటీసు వేసేశాక సవరణ పెడితే, ఫలానావాళ్ళని తప్పించడానికే పెట్టారంటారు. ఆ మాట అన్నవాళ్ళని తప్పుపట్టలేం కూడా.

చందా కట్టడంలో ఇంకో చిక్కుంది. చివరి రోజు రాత్రి ఒకే ఫోను నుంచి యూపీఐలో ఇరవై మంది చందా వచ్చిపడుతుంది. కట్టినాయన అభ్యర్థి అయి ఉంటాడు. చందా కట్టింది సభ్యుడా, సభ్యుణ్ణి కొన్నవాడా? కొన్ని సంఘాలు దీన్ని చూసీ చూడనట్టు వదిలేస్తాయి. వదలకూడదన్నది నా అభిప్రాయం. ఒక్క వాక్యంతో పోతుంది: చందా సభ్యుడి సొంత ఖాతా నుంచి రావాలి, లేదా సభ్యుడు స్వయంగా సంతకం చేసిన రశీదు మీద రావాలి. గ్రూపులో పెట్టిన స్క్రీన్‌షాట్ రశీదు కాదు. బ్యాంకు స్టేట్‌మెంటులో కనిపించిన తేదీనే కట్టిన తేదీగా తీసుకోండి.

పేర్ల సంగతి మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మనం ఇంటిపేరు ముందు పెట్టుకుంటాం. ఇక్కడి కాలేజీ రికార్డుల్లో చివరి మాటనే ఇంటిపేరుగా తీసుకుంటారు. దాంతో రావులు, మూర్తులు, కుమారులు అందరూ ఒకే వంశంలో పుట్టినట్టు ఒకచోట చేరతారు. జీతం రికార్డులో 'రావు కె.వి.', చందా పద్దులో 'కె. వెంకటరావు', వాట్సాప్ గ్రూపులో 'వెంకట్ సార్'. ఒక్క మనిషే జాబితాలో రెండు చోట్ల ఉంటాడు, లేదంటే ఇద్దరు మనుషులు ఒకే వరుసలో ఇరుక్కుంటారు. దీనికి విరుగుడు సభ్యత్వ సంఖ్య. ఒకసారి ఇచ్చిన సంఖ్య మారకూడదు, రిటైరైనా, బదిలీ అయినా, మరొకరికి ఇవ్వకూడదు. ముసాయిదా జాబితాలో సంఖ్య, కాలేజీ రికార్డులో ఉన్నట్టు పూర్తి పేరు, తెలుగులో పిలిచే పేరు, శాఖ, కాలేజీ, చందా చెల్లిన తేదీ, ఈ ఆరు గడులూ ఉండాలి. పుట్టినతేదీ, ఫోను నంబరు అందరికీ పంపే జాబితాలో వేయొద్దు, అవి కార్యదర్శి దగ్గరుంటే చాలు.

అతిథి అధ్యాపకుల సంగతి అడుగుతారని తెలుసు. సెమిస్టరుకి సెమిస్టరు కాంట్రాక్టు మారుతుంది, మధ్యలో రెండు నెలలు ఉద్యోగమే ఉండదు. వాళ్ళకి సభ్యత్వం ఇచ్చే తేదీ ఒకటి, ఓటు చూసే తేదీ ఒకటి అయితే, సెలవుల్లో పెట్టిన ఎన్నికలో వాళ్ళ ఓటు పోతుంది. 'చేరిన నాటికి ఉన్నత విద్యాసంస్థలో బోధిస్తూ ఉండాలి' అని రాస్తే సరిపోతుంది. 'ఎన్నిక నాటికి' అని రాశారంటే జూన్‌లో పెట్టే ప్రతి ఎన్నికలోనూ వాళ్ళని బయటికి నెట్టినట్టే.

క్యాలెండరు విషయం క్లుప్తంగా చెబుతాను. పోలింగ్ రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టండి. నలభై అయిదు రోజుల ముందు నోటీసు, ముసాయిదా జాబితా ఒకేసారి. ముప్పై అయిదో రోజుకి అభ్యంతరాల గడువు ముగియాలి. ముప్పై మూడో రోజుకి తుది జాబితా. ముప్పై రెండు నుంచి ఇరవై అయిదు దాకా నామినేషన్లు. ఇరవై నాలుగున పరిశీలన, ఇరవై రెండు సాయంత్రం అయిదింటికి ఉపసంహరణ గడువు. పద్దెనిమిదో రోజుకి బ్యాలెట్లు పోస్టులో పడాలి. జూన్ మధ్యలో రజ పండుగ, దసరా సెలవులు, సంక్రాంతి, యూనివర్సిటీ జవాబుపత్రాలు దిద్దే రోజులు, వీటిలో ఏదీ నామినేషన్ వారంలో పడకుండా చూసుకోండి. పోలింగ్ రోజు పండగైతే జనం తిట్టుకుంటూనైనా వస్తారు. నామినేషన్ వారంలో పండగొస్తే ప్రతిపాదించేవాడు ఊళ్ళో ఉండడు, ఫారమే రాదు.

నోటీసు ఎలాంటి తెలుగులో రాయాలన్నది ఎవరూ పట్టించుకోరు. 'ఇందుమూలముగా సభ్యులెల్లరకును తెలియజేయునదేమనగా' అని మొదలుపెడితే నాలుగో లైనుకి గడువు ఎక్కడుందో వెతుక్కోవాలి. వాడుక భాష కోసం పట్టుబట్టిన గిడుగు రామమూర్తిగారు పనిచేసింది మన పర్లాకిమిడిలోనే. ఆ ఊరి అధ్యాపకులైనా నోటీసును మాట్లాడే తెలుగులో రాస్తే బాగుంటుంది. తేదీ, వేళ, చోటు, ఎన్ని పదవులు, ఫారం ఎవరికి అందాలి. ఇవి పై అయిదు లైన్లలో ఉండాలి. పక్కనే ఒడియాలో కూడా వేయండి. తెలుగు మాట్లాడగలిగినా చదవలేనివాళ్ళు మన సభ్యుల్లో తక్కువేం కాదు.

నామినేషన్ ఫారం దగ్గరికొద్దాం. పోటీచేసేవారి సభ్యత్వ సంఖ్య, ఏ పదవికి, ప్రతిపాదించినవారు, బలపరిచినవారు, వాళ్ళ సంఖ్యలు, సంతకాలు, తేదీలు. చివర అభ్యర్థి అంగీకారం. ఈ అంగీకారం గడిని మర్చిపోయే ఫారాలు చాలా ఉంటాయి. మనిషిని అడక్కుండానే పేరు పెట్టేసి, గెలిచాక 'నేను రానండీ' అంటే ఖాళీ అయిన పదవికి మళ్ళీ మొదటినుంచి రావాలి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు.

బలపరిచేవాళ్ళు ఎంతమంది ఉండాలి? రాష్ట్రపతి పదవికి 1974 సవరణతో పదిమంది ప్రతిపాదకులు, పదిమంది బలపరిచేవాళ్ళు అన్నారు. 1997లో దాన్ని యాభై, యాభై చేశారు. ఆషామాషీగా పోటీకి దిగేవాళ్ళని ఆపడానికి. మనకి ఉన్న ఇబ్బంది దానికి తలకిందులు, పోటీకి ఎవరూ రారు. అందుకని ఒకరు ప్రతిపాదించి, ఒకరు బలపరిస్తే చాలు. కానీ ఇద్దరూ ఒకే కాలేజీ వాళ్ళు కాకూడదన్న నియమం పెట్టుకుంటే మంచిది. కాలేజీ స్టాఫ్‌రూములో ఒక బల్ల దగ్గరే అభ్యర్థులు తయారవకుండా కాస్త అడ్డం పడుతుంది.

పరిశీలన రోజున చేసే తప్పులు రెండు రకాలు. ఒకటి, చిన్న పొరపాటుకి ఫారం కొట్టేయడం. రెండోది, పెద్ద పొరపాటుని 'మనవాడే కదా' అని వదిలేయడం. ప్రజాప్రాతినిధ్య చట్టం 36వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం చెప్పే మాట ఇక్కడ అప్పు తెచ్చుకోవచ్చు: లోపం అసలు విషయానికి సంబంధించినది కాకపోతే నామినేషన్ తిరస్కరించకూడదు. సభ్యత్వ సంఖ్యలో ఒక అంకె తారుమారైంది, మనిషి ఎవరో స్పష్టంగా తెలుస్తోంది. అది దిద్దుకునే తప్పు. పేరులో ఒత్తు పోయింది, అదీ అంతే. ప్రతిపాదించినాయనకి నాలుగు నెలల బాకీ ఉంది. అది దిద్దుకునేది కాదు, ఆయన సభ్యుడిగా లెక్కలోనే లేరు. అభ్యర్థి అంగీకార సంతకం లేదు. కొట్టేయాలి. ఒకే పదవికి ఒకే మనిషి ఇద్దరిని బలపరిచారు. ఏం చేయాలో బైలాలో లేకపోతే, మొదట అందిన ఫారానిదే చెల్లుతుంది అని నోటీసులోనే రాసిపెట్టుకోండి. అందుకే ప్రతి ఫారం మీద అందిన తేదీతోపాటు గంట, నిమిషం వేయాలి, వరుస సంఖ్య వేయాలి, రశీదు ముక్క చింపి ఇవ్వాలి. ఆ రశీదు ముక్కలోనే పరిశీలన ఎప్పుడు, ఎక్కడ అని ఉండాలి. తిరస్కరిస్తే కారణం ఒక వాక్యంలో రాసి, సంతకం పెట్టి, ఆ సాయంత్రమే అభ్యర్థికి అందించాలి. నోటిమాటగా చెప్పిన తిరస్కరణ ఎక్కడా నిలబడదు.

(సభలో ఒకరు: నామినేషన్ కమిటీ ఉంటే సరిపోదా, ఎన్నికల అధికారి వేరే ఎందుకు?)

మంచి ప్రశ్న. రెండూ వేరు వేరు పనులు. నామినేషన్ కమిటీ మనుషుల్ని వెతికి పట్టుకొస్తుంది. ఫలానా విషయం బోధించేవాళ్ళు లేరు, ఆడవాళ్ళు లేరు, కొండప్రాంతపు కాలేజీల నుంచి ఎవరూ లేరు అని చూసి, అడిగి, ఒప్పించి ఫారం నింపిస్తుంది. ఎన్నికల అధికారి ఎవర్నీ ఒప్పించకూడదు, ఎవర్నీ ఆపకూడదు, వచ్చిన ఫారం సరిగ్గా ఉందో లేదో చూస్తారు, అంతే. రెండు పనులూ ఒకరి చేతిలో పెడితే, తాను తెచ్చిన అభ్యర్థి ఫారాన్ని తానే పరిశీలించే పరిస్థితి వస్తుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. నామినేషన్ కమిటీ జాబితానే చివరి జాబితా అనే అలవాటు ఒకసారి పడిందంటే, ముగ్గురు మనుషులు కార్యవర్గాన్ని నియమించినట్టు. కమిటీ సూచించినవాళ్ళతోపాటు ఎవరైనా నేరుగా ఫారం వేయొచ్చని నోటీసులో పెద్దక్షరాలతో ఉండాలి. కమిటీలో ఉన్న ముగ్గురూ ఆ ఎన్నికలో పోటీచేయకూడదని కూడా.

ఇప్పుడు ఓటు వేసే పద్ధతి. అసలు చిక్కంతా ఇక్కడుంది, కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

మూడు పదవులు, అరవై మంది ఓటర్లు. ఒక్కొక్కరు మూడు ఓట్లు వేయొచ్చు, ఎక్కువ వచ్చినవాళ్ళు గెలుస్తారు. మనకి అలవాటైన పద్ధతి ఇదే. బరంపురం నుంచి 31 మంది ఉన్నారనుకోండి. వాళ్ళు ఒకమాట మీదుంటే మూడు పదవులూ బరంపురానికే. రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాల నుంచి వచ్చిన 29 మందికి ఒక్కటీ రాదు. ఇందులో ఎవరూ మోసం చేయలేదు, పద్ధతే అలా పనిచేస్తుంది. తర్వాత 'కొండవాళ్ళు సమావేశాలకి రారండీ' అని ఫిర్యాదు మొదలవుతుంది. ఎందుకొస్తారు?

దీనికి మందు ప్రాధాన్యతా ఓటు, అంటే అభ్యర్థుల పేర్ల పక్కన మన ఇష్టం వరుసలో 1, 2, 3 అని అంకెలు వేయడం. పక్కన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఉపాధ్యాయులు శాసనమండలి ఎన్నికల్లో దీన్నే వేస్తారు. ఒడిశాలో శాసనమండలి లేదు కాబట్టి ఇక్కడివాళ్ళకి చేతికి అలవాటు లేదు. కానీ బరంపురానికి ఈ పద్ధతితో ఉన్న బంధుత్వం తక్కువేం కాదు. ఈ ఊళ్ళో పుట్టిన వి.వి. గిరిగారు 1969లో రాష్ట్రపతి అయింది రెండో ప్రాధాన్యతా ఓట్లు లెక్కించాకే. మొదటి ప్రాధాన్యంలో ఆయనకి 4,01,515, నీలం సంజీవరెడ్డిగారికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌గారికి 1,12,769. చెల్లిన మొత్తంలో సగానికి పైన, అంటే 4,18,169 కావాలి. అందరికంటే ముందున్నా ఆయనకి 16,654 తగ్గాయి. కిందివాళ్ళని ఒక్కొక్కరినే తప్పిస్తూ వాళ్ళ ఓట్లని తర్వాతి ప్రాధాన్యం ప్రకారం పంచితే గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 తేలాయి. అధ్యక్షుడు, కార్యదర్శి లాంటి ఒక్క పదవికి మీరు చేయవలసిన లెక్క ఇదే.

ఒకటికి మించి పదవులుంటే కోటా, అంటే గెలవడానికి కావలసిన ఓట్లు, మారుతుంది. చెల్లిన ఓట్లని పదవుల సంఖ్యకి ఒకటి కలిపి భాగించి, వచ్చినదానికి మళ్ళీ ఒకటి కలపాలి. భిన్నాల గొడవ లేకుండా రాజ్యసభ ఎన్నికల్లో ఒక్కో బ్యాలెట్‌కి వంద విలువ కట్టినట్టు మనమూ కడదాం. అరవై బ్యాలెట్లు, 6,000 విలువ. మూడు పదవులు. 6,000ని 4తో భాగిస్తే 1,500, ఒకటి కలిపితే 1,501. ఒకాయనకి మొదటి ప్రాధాన్యంలో 22 బ్యాలెట్లు వచ్చాయి, 2,200. గెలిచారు. కోటాకి పైన మిగులు 699. ఇప్పుడు ఆయన 22 బ్యాలెట్లూ తిరగేసి రెండో ప్రాధాన్యం చూస్తాం. నాలుగింటి మీద రెండు అంకే లేదు. మిగతా 18లో పన్నెండు ఒకామెకి, ఆరు ఇంకొకరికి. 699ని 18తో భాగిస్తే 38, శేషం 15 వదిలేస్తాం. ఆమెకి పన్నెండు ముప్పై ఎనిమిదులు 456, అతనికి 228. ఇలాగ మిగులు పంచి, ఇంకా కోటా ఎవరూ అందుకోకపోతే అందరికంటే అడుగునున్నవారిని తప్పించి వారి బ్యాలెట్లు పంచుతాం. ఈ పద్ధతిలో పదహారు మంది ఒకమాట మీదుంటే ఒక పదవి వాళ్ళకి ఖాయం. రాయగడ, కోరాపుట్ కలిసి ఒకరిని తెచ్చుకోగలవు, ఎవరి దయా అక్కర్లేదు.

లెక్కించేవాళ్ళు తడబడేది కూడికల్లో కాదు, మిగులు పంచేటప్పుడు 22తో భాగించాలా 18తో భాగించాలా అన్నచోట. రెండో ప్రాధాన్యం ఉన్న బ్యాలెట్ల సంఖ్యతోనే భాగించాలి. లెక్కింపుకి ముందురోజు ముప్పై ఉత్తుత్తి బ్యాలెట్లతో ఒకసారి చేసి చూడండి. గంటన్నర పడుతుంది. ఆ గంటన్నర పెట్టకపోతే మర్నాడు ఆరు గంటలు పడుతుంది.

చెల్లనివి ఏవో ముందే గోడకి అంటించండి. '1' ఎక్కడా లేకపోతే చెల్లదు. ఇద్దరికి '1' వేస్తే చెల్లదు. టిక్కు, సున్న, ఇంటూ చెల్లవు. 'ఒకటి' అని అక్షరాల్లో రాస్తే చెల్లదు, అంకె కావాలి. అంకె తెలుగుదైనా, ఒడియాదైనా, రోమనుదైనా ఫర్వాలేదు. సంతకం కానీ, ఎవరి ఓటో తెలిసే గుర్తు కానీ ఉంటే చెల్లదు. '1' ఉండి, '2' లేకుండా '3' ఉంటే మొదటి ప్రాధాన్యం వరకే చెల్లుతుంది, తర్వాత ఆ బ్యాలెట్ ముందుకి కదలదు. శాసనమండలి ఎన్నికల్లో ఊదారంగు స్కెచ్ పెన్ను అధికారులే ఇస్తారు, సొంత పెన్ను వాడనివ్వరు. మీరూ ఒకే రంగు పెన్నులు తెప్పించండి. సిరా రంగు బట్టి ఓటరుని పసిగట్టేవాళ్ళు ఉంటారు, ముఖ్యంగా పదిహేనుమందే ఉన్న చోట.

పేర్ల వరుస గురించి కూడా గొడవలొస్తాయి. తెలుగు అక్షరక్రమంలోనా, ఒడియాలోనా, ఇంగ్లీషులోనా? ఇంటిపేరుతోనా, పేరుతోనా? దేన్ని పట్టుకున్నా ఒకరికి మేలు. ఉపసంహరణ గడువు అయ్యాక అభ్యర్థుల ముందు చీటీలు తీసి వరుస పెట్టండి.

పోస్టు ఓటుకి రెండు కవర్లు. లోపలి కవరులో బ్యాలెట్ ఒక్కటే, దాని మీద పేరు లేదు. బయటి కవరు మీద సభ్యత్వ సంఖ్య, సంతకం. ముందు బయటి కవర్లన్నీ జాబితాతో సరిచూసి, లోపలి కవర్లు తీసి ఒక పెట్టెలో వేసి కలిపాకే తెరవాలి. ఒక్కొక్క కవరూ రెండు పొరలూ చింపుకుంటూ పోతే రహస్యం పోయినట్టే.

గూగుల్ ఫారంతో పెట్టేద్దాం అంటారు. ఈమెయిలు నమోదు చేస్తే ఎవరు ఎవరికి వేశారో షీటులో కనబడుతుంది. చేయకపోతే లింకు అందినవాళ్ళెవరైనా వేయొచ్చు. ఒకరికి ఒక జవాబే అన్న అమరిక పెట్టినా, రెండు ఖాతాలున్నవాళ్ళు రెండు వేస్తారు. పైగా షీటులో ప్రతి ఓటుకీ గంట, నిమిషం, సెకను పడతాయి. గ్రూపులో 'వేసేశాను' అని పెట్టినాయన సందేశపు వేళతో పోల్చి చూస్తే చాలు. చర్చకి, తేదీలు అడగడానికి ఆ ఫారం బాగుంటుంది. ఓటుకి వద్దు.

పదవులెన్నో నామినేషన్లూ అన్నే ఉంటే పోలింగ్ అక్కర్లేదు, ఎన్నికైనట్టు ప్రకటించవచ్చు. తక్కువ వస్తే వచ్చినవాళ్ళని ప్రకటించి, మిగిలిన వాటికి మళ్ళీ నోటీసు వేయాలి. ఖాళీలని కొత్త కార్యవర్గమే నింపుకోవచ్చని బైలా చెబితే, అలా తీసుకున్నవాళ్ళ గడువు తర్వాతి సర్వసభ్య సమావేశం వరకే అని కూడా ఉండాలి. సమాన ఓట్లు వస్తే చీటీ. అధ్యక్షుడి నిర్ణాయక ఓటు ఎన్నికల్లో వాడకండి, ఆయన కూడా ఒకవైపు మనిషే.

ఫలితం వచ్చాక చట్టం గడువు ఒకటుంది. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 4వ సెక్షన్ ప్రకారం సర్వసభ్య సమావేశం జరిగిన 14 రోజుల్లో కార్యవర్గ సభ్యుల పేర్లు, చిరునామాలు, వృత్తులతో జాబితా రిజిస్ట్రారుకి చేరాలి. మహారాష్ట్రలో, గడ్చిరోలి, చంద్రపూర్ వైపు పబ్లిక్ ట్రస్టుగా కూడా నమోదైన సంఘాలు అక్కడి పబ్లిక్ ట్రస్టుల చట్టం 22వ సెక్షన్ కింద మార్పు నివేదిక 90 రోజుల్లో ఇవ్వాలి. బ్యాంకు మాత్రం ఎవరి గడువూ చూడదు. పాత సంతకాలు తీసేసి కొత్తవి పెట్టాలంటే సమావేశపు మినిట్స్ నకలు, తీర్మానం, కొత్తవాళ్ళ గుర్తింపు పత్రాలు అడుగుతుంది. ఎన్నిక జరిగిన సభలోనే ఆ తీర్మానం చదివి మినిట్స్‌లో రాయించండి. తర్వాత రాయించాలంటే ఓడినవాళ్ళ సంతకం కోసం తిరగాలి.

చెక్కు పుస్తకం, యూపీఐకి కట్టిన సిమ్ము, ఈమెయిలు పాస్‌వర్డు, వాట్సాప్ గ్రూపు అడ్మిన్ హక్కు, రశీదు పుస్తకాల మిగులు ముక్కలు, సభ్యత్వ రిజిస్టరు. వీటికి ఒక కాగితం రాసి ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు సంతకాలు చేయాలి. బ్యాలెట్లు, బయటి కవర్లు విడివిడిగా సీలు వేసి, అభ్యంతరాలకి బైలా ఇచ్చిన గడువు దాకా ఎన్నికల అధికారి దగ్గరే ఉంచాలి. కొత్త కార్యదర్శికి ఇవ్వకండి.

నమూనా ఫారాలు, ముప్పై ఉత్తుత్తి బ్యాలెట్లు ఆ బల్ల మీదున్నాయి. టీ తాగి రండి, నలుగురు నలుగురుగా కూర్చుని లెక్కిద్దాం.